ఏ కెమెరా మంచిది?

"సార్, ఫోనులో రోజుకు నూరు ఫొటోలు తీసుకునే కాలంలో మీకు ఆ ఇనపముద్దతో ఏం పని?" అని మా కాలేజీ ఆఫీసులో గుమాస్తా అడిగాడు. మా ఆవిడా ఆ మాటే అడిగింది. మా అమ్మాయీ అడిగింది. ఎవరి కోసమైతే నేనీ పని పెట్టుకున్నానో, ఆ మా అమ్మ ఒక్కతే అడగలేదు.

అప్పుడు ఎవరికీ సరిగా జవాబు చెప్పలేకపోయాను. నాలుగు మాటల్లో తేలేది కాదు. అందుకని ఈ వారం తీరుబడిగా ఇక్కడ చెప్పుకుంటాను.

మా అమ్మ పుట్టినూరు కొండాపురం మండలంలో వుండేది. 'వుండేది' అన్నాను, గమనించండి. గండికోట జలాశయం కింద ముంపుకు వచ్చిన ఊళ్ళు ఒకటొకటిగా ఖాళీ అయినాయి. 2020లో తాళ్ళప్రొద్దుటూరులోకి నీళ్ళు వచ్చిన సంగతి పత్రికల్లో మీరు చదివే వుంటారు. ఆ వరుసలోనే మా అమ్మ పుట్టిల్లూ పోయింది. జలాశయం నిండితే ఇరవై ఆరు టి. ఎం. సి.లకు పైగా నీళ్ళు నిలుస్తాయి. ఆ నీళ్ళతో ఎందరి పొలాలో పచ్చబడతాయి. కాదనను. కాని ఆ నీళ్ళ అడుగున మా అవ్వ గడప వుంది.

నీళ్ళు రాకముందు 2019లో ఒక ఆదివారం నేనా ఊరికి పోయి, ఫోనుతో రెండువందల ఫొటోలు తీశాను. తలుపు చెక్కడం, వసారాలో రోలు, పెరట్లో వేపచెట్టు, గడపలో నిలబడ్డ మా అమ్మ - ఒకటేమిటి, కనిపించిందల్లా తీశాను. పోయిన సంవత్సరం ఆ ఫోను ఒకనాటి రాత్రి ఆరిపోయి తెల్లవారి వెలగలేదు. అంగడివాడు విప్పి చూసి, "బోర్డు పోయింది సార్, లోపలివి రావు" అన్నాడు, పంటి డాక్టరు పన్ను ఊడదీసినంత తేలిగ్గా.

"ఇంకో చోట దాచిపెట్టుకోలేదా?" అని మీరంటారు. అక్కడే వుంది నా సిగ్గు. తాళపత్రాలకు ప్రతులు రాసుకోకపోవడం వల్ల మన కావ్యాలు ఎన్ని చెదలకు పోయినాయో ఏటా క్లాసులో గొంతు చించుకుని చెప్పే తెలుగు మాస్టరును నేను. నా రెండువందల ఫొటోలకు ఒక్క ప్రతి తీసుకోలేదు.

ఈ సంగతి జమ్మలమడుగులో వున్న మా చిన్నాయనకు తెలిసింది. ఆయన 1976లో కువైటు పోయి, ఇరవై యేళ్ళు అక్కడ పనిచేసి వచ్చిన మనిషి. నేను పోయేసరికి మంచం మీద కూర్చుని వున్నాడు.

"ఏంరా, మీ అవ్వ ఇల్లు పోయిందని దిగులుపడతాండావంట?" అన్నాడు. లేచి పోయి బీరువా పైనుంచి ఒక రేకు డబ్బా దించాడు. ఎప్పటిదో కువైటు బిస్కత్తుల డబ్బా. అందులో తెల్లకాగితాల్లో చుట్టిన నెగెటివు ముక్కలు. ఒకటి తీసి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు.

"చూడు."

నలుపు తెలుపూ తారుమారైన లోకం. తెల్లటి ఆకాశం నల్లగా వుంది. మా అవ్వ నెరిసిన జుట్టు నల్లగా వుంది. కాని ఆ అరుగు అరుగే, ఆ తలుపు తలుపే. 1978లో సెలవు మీద వచ్చి, వదినను పుట్టింటినుంచి పిలుచుకుని రావడానికి పోయినప్పుడు తీశాడట. నేనింకా పుట్టలేదు.

ఆ ముక్కను స్టూడియోలో ఇచ్చి ప్రింటు వేయించి మా అమ్మ చేతిలో పెట్టాను. ఆమె చాలాసేపు చూసింది. "ఆ పొద్దు మా అమ్మ అలసంద పప్పు రుబ్బుతా రుబ్బుతా లేసొచ్చింది. చెయ్యి చూడు, కడుక్కోను కూడా లేదు" అంది. భూతద్దం పెట్టి చూస్తే నిజమే. అవ్వ కుడిచేతి వేళ్ళకు తెల్లగా పిండి వుంది. దాదాపు యాభై యేళ్ళ కిందటి పిండి!

తర్వాత కొంచెం సేపటికి అంది: "దసరాకు అక్కలూ చెల్లెలూ వస్తారు గదా. మేము నలుగురం ఒకసారి ఆ నీళ్ళ గట్టున నిలబడతాం. తీస్తావా? ఫోనులో వద్దు. ఇట్లాంటిది తియ్."

పెద్దమ్మకు ఎనభై నాలుగు. మోకాళ్ళ నొప్పులు. అక్కచెల్లెళ్ళు నలుగురూ కలిసి ఆ గట్టుకు మళ్ళీ ఎప్పుడు పోతారో, పోతారో లేదో ఎవరు చెప్పగలరు? చేతిలో రెండు నెలలున్నాయి. కెమెరా వెతకడం మొదలుపెట్టాను.

* * *

నాకు రెండు కెమెరాలు ఎదురైనాయి. మొదటిది మా చిన్నాయనదే - ఆ ఫొటో తీసిన జపాను కెమెరా, యాషికా ఎలక్ట్రో 35. రెండోది పులివెందులలో స్టూడియో నడిపి మానేసిన ఒక పెద్దాయన దగ్గర వున్న రష్యా కెమెరా, జోర్కీ 4. రెండూ రేంజ్‌ఫైండరు జాతివే. ఆ జాతి సంగతి తెలియందే వీటి తగాదా అర్థం కాదు. కాబట్టి ముందు అది.

ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి. పది సార్లకు ఒకసారి ఎక్కితే గొప్ప. రెండు కళ్ళూ తెరిస్తే ఎక్కుతుంది. రెండు కళ్ళు రెండు చోట్లనుంచి ఒకే వస్తువును చూస్తాయి. ఆ రెండు చూపులూ కలిసే కోణాన్ని బట్టి దూరం మనకు తెలుస్తుంది. రేంజ్‌ఫైండరు పని అంతే. కెమెరా ముఖాన రెండు కిటికీలుంటాయి. ఒకదాంట్లోంచి మనం నేరుగా చూస్తాం. రెండో కిటికీలోంచి వచ్చిన బొమ్మ లోపలి అద్దాల మీదుగా తిరిగి వచ్చి, మొదటి బొమ్మ నడుమ చిన్న మచ్చలాగా పడుతుంది. లెన్సు తిప్పుతూ వుంటే ఆ మచ్చలోని బొమ్మ పక్కకు జరుగుతుంది. మనిషి ముక్కు రెండుగా కనిపిస్తూ వుంటే దూరం కుదరలేదన్నమాట. రెండు ముక్కులూ ఒకటైన చోట ఆపి మీట నొక్కాలి. వెనకటి యుద్ధనౌకల మీద ఫిరంగులకు గురి చూసిన దూరమాపకాలూ ఈ సూత్రం మీద పనిచేసినవే. కాకపోతే వాటి రెండు కళ్ళకూ మధ్య కొన్ని గజాల ఎడం వుండేది.

ఈ చిన్న కెమెరాలకు మూలపురుషుడు జర్మనీలో ఆస్కార్ బర్నాక్. సినిమాకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిలింను పక్కకు తిప్పి, సినిమా బొమ్మకు రెట్టింపు బొమ్మ పడేట్టు ఒక చేతి కెమెరా చేశాడు. అదే లైకా. 1925లో లైప్జిగ్ సంతలో బయటికి వచ్చింది. 1932లో లెన్సుకు రేంజ్‌ఫైండరును జతచేసిన లైకా వచ్చింది. అలాంటి చిన్న లైకాలతోనే ఫ్రాన్సు దేశపు కార్టియే బ్రెసాన్ 1948 జనవరిలో గాంధీగారి ఆఖరి రోజునూ, అంతిమయాత్రనూ, 1950 ఏప్రిల్‌లో తిరువణ్ణామలైలో రమణ మహర్షి చివరి రోజులనూ తీశాడు. చప్పుడు తక్కువ, సైజు చిన్న. మనుషుల మధ్య నిలబడి తీసినా ఎవరూ ఉలిక్కిపడరు. 1959లో నైకాన్ ఎఫ్ వచ్చాక, లెన్సులోంచే చూడగలిగే అద్దం కెమెరాలది పైచేయి అయింది. రేంజ్‌ఫైండర్లు మెల్లగా బీరువాలెక్కాయి.

ఇక మన రెండింటి జాతకాలు.

జోర్కీ పుట్టుకలో ఒక కథ వుంది. సోవియట్ దేశంలో ఖార్కోవ్ దగ్గర అనాథ బాలలకోసం మకరెంకో నడిపిన శిక్షణాలయంలో 1934నుంచి లైకాను చూసి కెమెరాలు చేయడం మొదలుపెట్టారు. వాటికి 'ఫెడ్' అని పేరు. యుద్ధం తర్వాత 1948లో మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్ కర్మాగారంలో అదే నమూనాతో జోర్కీ వచ్చింది. దానికి మనుమడివంటిది ఈ జోర్కీ 4. 1956నుంచి 1973దాకా పదిహేడు లక్షల చిల్లర తయారైనాయి. ఇందులో బాటరీ లేదు, వెలుతురు కొలిచే మీటరు లేదు. గడియారం లాగా పళ్ళచక్రాలూ, స్ప్రింగులూ, గుడ్డతో చేసిన షట్టరు తెరలూ. అంతే.

యాషికా ఎలక్ట్రో 35 పుట్టింది 1960ల నడుమన. మా చిన్నాయనది జి. ఎస్. ఎన్. అనే రకం, 1973లో వచ్చింది. ఎఫ్ 1.7 లెన్సు, సాయంత్రపు మసక వెలుతురులోనూ పనిచేస్తుంది. దీని ప్రత్యేకత ఏమంటే, మనం లెన్సు కంత ఎంత తెరవాలో చెబితే చాలు, షట్టరు ఎంతసేపు తెరిచి వుండాలో అదే లెక్క వేసుకుంటుంది. వెలుతురు ఎక్కువైతే ఎర్రదీపం, తక్కువైతే పసుపుదీపం.

* * *

మా చిన్నాయన తన కెమెరాను దుప్పటిలో పెట్టిన పసిబిడ్డలాగా తెచ్చాడు. "ఆ కాలంలో సగం నెల జీతం రా ఇది. మీ పిన్నమ్మకు గాజులు తెస్తానని చెప్పి ఇది తెచ్చినా. ఇప్పటికీ అంటాది." లోపలినుంచి పిన్నమ్మ, "అంటా. ఇంగా అంటా" అంది.

లివరు తిప్పమన్నాడు. తిప్పాను. "టక్ మన్న చప్పుడు వినపడిందా? అది వినపడితే లోపల రబ్బరు ముక్క బాగుందని లెక్క. ఆ రబ్బరు కరిగిపోతే ఈ కెమెరా దారి తప్పుతాది." ఈ మాట తర్వాత తెలిసినవాళ్ళను అడిగితే నిజమేనన్నారు. ఈ జాతి యాషికాలన్నిటికీ వున్న జబ్బే అది.

రెండో జబ్బు బాటరీ. దీనికోసం చేసిన పాదరసం బాటరీ ఇప్పుడు రాదు. పాదరసం విషం కదా! జపానులో మినమాటా అఖాతం చేపలు తిని వేలమంది జబ్బుపడిన తర్వాత లోకం కళ్ళు తెరిచింది. 2013లో ఆ ఊరి పేరుతోనే అంతర్జాతీయ ఒప్పందం జరిగింది. ఇప్పుడు దొరికే ఆరు వోల్టుల చిన్న బాటరీకి కాగితం చుట్టి, వెనక ఒక స్ప్రింగు పెడితే సరిపోతుంది.

"బాటరీ అయిపోతే?" అన్నాను.

"అయిపోయినా మీట పడతాది. అయితే ఒకటే వేగం, అయిదునూర్లలో ఒక వంతు. ఒకసారి కువైటులో ఎడారికి పోయినప్పుడు అట్లానే అయింది. ఆ ఎండకు సరిపోయినాయిలే." ఈ మాటను నేనప్పుడు కథగా విన్నాను. తర్వాత పనికివస్తుందని తెలియదు. "తీసుకుపో. బాగుచేయించుకుంటే నీది. బాగుచేయించకుంటే నాది" అన్నాడు.

ఆ వారమే ముద్దనూరు మీదుగా పులివెందులకు బస్సెక్కాను. పులివెందుల తాలూకా అంటే మనకు వేరే సంగతులు గుర్తుకొస్తాయిగాని, సినిమా కెమెరాకూ ఆ నేలకూ చుట్టరికం వుంది. 'మల్లీశ్వరి' (1951) తీసిన బి. ఎన్. రెడ్డిగారు 1908లో పుట్టింది ఆ తాలూకా కొత్తపల్లెలోనే. ఆయన తమ్ముడు నాగిరెడ్డిగారి విజయా సంస్థలోనే మార్కస్ బార్ట్లే 'మాయాబజార్' (1957) తీశాడు. ఆ వెన్నెలలన్నీ పరుచుకున్నదీ ఈ 35 మిల్లీమీటర్ల వెడల్పు ఫిలిం మీదే.

స్టూడియో పెద్దాయనకు డెబ్బై దాటినాయి. చీనీ తోటలో చిన్న ఇల్లు. టీ తెప్పించి, జోర్కీని బల్ల మీద పెట్టి, కొనే మనిషి మెదడు ఎంతో తూచినట్టు నా వైపు చూశాడు.

"సార్ తెలుగు మాస్టరంట గదా. అయితే దీనికీ ఒక వ్యాకరణముంది. ముందు ఫిలిం చుట్టాల. తర్వాతనే వేగం మార్చాల. ముందు మార్చి తర్వాత చుట్టినారో, లోపల పళ్ళు విరుగుతాయి."

చిన్నయసూరి 'బాలవ్యాకరణం' గుర్తుకొచ్చింది. సూత్రం ముందు, ఉదాహరణ తర్వాత. తలకిందులు చేస్తే క్షమించదు.

"ఎండలో లెన్సుకు మూత లేకుండా సూర్యుడి వైపు పెట్టొద్దు. భూతద్దంతో కాగితం కాల్చినట్టు తెర కాలి బొక్క పడతాది. మన ఎండలు తెలుసు గదా."

"మీటరు లేదు గదా, వెలుతురు ఎట్లా తెలుస్తుంది?" అన్నాను.

ఆయన నవ్వాడు. "కడప జిల్లాలో మీటరెందుకు సార్? నెత్తిన పెట్టినాడు గదా దేవుడు! నీడ గట్టిగా గీత గీసినట్టు పడే ఎండలో కంత పదహారు పెట్టండి. ఫిలిం నూరు రకమైతే వేగం నూటఇరవై అయిదు. నాలుగునూర్ల రకమైతే అయిదునూర్లు. మొగమ్మీద నీడ వుంటే పదహారును పదకొండు చేయండి. ఫిలిముకు కొంచెం ఎక్కువైనా ఓర్చుకుంటాది, తక్కువైతే ఓర్చుకోదు. నలభై యేండ్లు ఈ లెక్కతోనే పెండ్లిండ్లు తీసినా."

జోర్కీలో నన్ను కొనేసిన గుణం ఇంకొకటి వుంది. చూసే కంతకు చూపును సవరించే చిన్న మీట వుంది. నలభై దాటి, కళ్ళద్దాలు నుదుటి మీదికీ ముక్కు మీదికీ ఆడించుకునే మనిషికి అది పెద్ద వరం. అద్దాలు తీసేసి ఆ మీట తిప్పితే లోకం స్పష్టంగా కనిపిస్తుంది.

అయిదు వేలు చెప్పాడు. "ముందు తీసుకుపోయి ఒక రోలు తీయండి. నచ్చితేనే డబ్బు" అన్నాడు. అట్లాంటి వ్యాపారులు ఇంకా వున్నారు.

* * *

రెండు కెమెరాలూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. పాత కెమెరా కొనేవాళ్ళకు పనికివస్తుంది కాబట్టి చూసుకోవలసినవి చెబుతాను. ఫిలిం లేకుండా వెనక మూత తీసి, లెన్సును పూర్తిగా తెరిచి, టార్చిలైటు వేసి చూడాలి. సాలెగూటి దారాల్లాంటివి కనిపిస్తే బూజు; అది వదిలే జబ్బు కాదు. మూత అంచున నల్లటి నురుగు పీచు వుంటుంది. అది జిగురై పోతే వెలుతురు లోపలికి దూరి ఫిలిం పాడవుతుంది. నల్ల ఊలుదారం అతికించి నేనే మార్చుకున్నాను. రాత్రిపూట చందమామ వైపు పెట్టి, లెన్సును అనంతం గుర్తు దగ్గర వుంచితే, రెండు చందమామలు ఒకటి కావాలి. యాషికాలో అయినాయి. జోర్కీలో వెంట్రుకవాసి తేడా వుంటే పెద్దాయన చెప్పిన స్క్రూ తిప్పి సరిచేశాను.

ఇద్దరికీ పరీక్ష పెట్టాను, చెరొక రోలు. ఇప్పుడు రోలు ధర వెయ్యికి అటూ ఇటూ వుంది. కడగడానికి బెంగుళూరు పంపాలి. ఆ ఖర్చు వేరు. ముప్పై ఆరు బొమ్మలు. ఒక్కొక్క మీట నొక్కినప్పుడల్లా జేబు చిల్లు చప్పుడు వినిపిస్తుంది.

జోర్కీతో పెన్న ఒడ్డున రామేశ్వరం గుడి దగ్గర మొదలుపెట్టాను. ముందు ఫిలిం చుట్టడం, తర్వాత వేగం, తర్వాత కంత, తర్వాత రెండు బొమ్మలు ఒకటి చేయడం. శిల్పశాస్త్రం చదివినవాడిలాగా పదకొండు బొమ్మలు తీశాను. పక్కన నిలబడి వున్న మా అమ్మాయి అంది: "నాన్నా, మూత తీయలేదు."

రేంజ్‌ఫైండరులో మనం చూసేది లెన్సులోంచి కాదు, పక్క కిటికీలోంచి. లెన్సుకు మూత వున్నా లోకం చక్కగానే కనిపిస్తుంది. ఇది ఈ జాతిలో పెద్దపెద్దవాళ్ళు కూడా పడే గొయ్యి. ఇంటికి వచ్చాక మా ఆవిడ, "వెయ్యి రూపాయలు పెట్టి చీకటిని తీశారా?" అంది. బెంగుళూరునుంచి ఫిలిం వచ్చాక ఆ పదకొండు గళ్ళూ గాజులాగా ఖాళీగా వున్నాయి.

మిగతావాటి సంగతి. జోర్కీ తీసిన గుడి, కొళాయి దగ్గర బిందెలు, రాళ్ళు, చెట్లు - ఎంత బాగున్నాయో! కదలని వాటిని తీయడంలో దానికి సాటి లేదు. కాని మనుషులను తీసినచోట, నేను లెక్క పూర్తిచేసేలోగా నవ్వు వెళ్ళిపోయింది. మా అమ్మ ఫొటోలు మూడిట్లోనూ, "ఇంకా అయిందా?" అని అడుగుతున్న మొహమే పడింది. యాషికా ఫొటోలలో అంత నిగ్గు లేకపోయినా, మనుషులు మనుషుల్లాగే వున్నారు. పైగా దాని కిటికీలో మెరిసే గీతలు దూరాన్నిబట్టి వాటంతట అవే జరిగి, బొమ్మలో ఏమి పడుతుందో చూపిస్తాయి. జోర్కీలో ఆ గీతలు లేవు. దగ్గరివాళ్ళను తీసేటప్పుడు తలలు తెగుతాయేమోనని భయం.

ఇప్పుడు ఎంచుకోవాలి. మనసు జోర్కీ వైపే వుంది. అది ఇంకో యాభై యేళ్ళు పనిచేస్తుంది. చెడితే గడియారాలు బాగుచేసే చెయ్యి చాలు. యాషికా లోపలి కరెంటు పని చెడితే చేయగలవాళ్ళు అరుదు. ఆ కంపెనీ కలిసిన క్యోసెరా 2005లోనే కెమెరాల వ్యాపారం మానేసింది. వస్తువుగా చూస్తే జోర్కీ.

కాని నేను ఎంచుకునేది వస్తువును కాదు, ఒక పూటను. గట్టు మీద నలుగురు ముసలివాళ్ళు. ఒకామెకు మోకాళ్ళు, ఒకామెకు చక్కెర జబ్బు. ఎండలో పది నిమిషాలకన్నా నిలబెట్టలేను. నా చూపు వాళ్ళ మొహాల మీద వుండాలా, చక్రాల మీద వుండాలా? యాషికానే తీసుకుపోదామని తేల్చుకున్నాను. పెద్దాయనకు ఫోను చేసి చెబితే, "మంచిది సార్. బాటరీ ఇంకొకటి జేబులో పెట్టుకోండి" అన్నాడు.

* * *

దసరా పది రోజులూ ప్రొద్దుటూరు ఎట్లా వుంటుందో ఈ జిల్లావాళ్ళకు చెప్పనక్కరలేదు. అమ్మవారిశాల దగ్గర జనసముద్రం, వీధులనిండా దీపాలు. పండగ మరునాడు జీపు మాట్లాడుకుని, నలుగురు అక్కచెల్లెళ్ళనూ, చిన్నాయననూ ఎక్కించుకుని బయలుదేరాం. గట్టు చేరేసరికి పదకొండు. మబ్బు లేదు. నీళ్ళు ఆకాశం దాకా వున్నాయి.

కెమెరా తీసి బాటరీ చూసే మీట నొక్కాను. ఆకుపచ్చ దీపం వెలగలేదు. జేబులోని కొత్త బాటరీ వేశాను. వెలగలేదు. వెనకటి పాదరసం బాటరీ కారిన ఉప్పు లోపలి తీగను యేళ్ళ తరబడి తింటూ వచ్చింది. ఆ పూట జీపు కుదుపులకు ఆ తీగ తెగింది. ఈ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒకటే - నలుగురూ గట్టు మీద నిలబడి నా వైపు చూస్తున్నారు. నా చేతిలో వున్నది ఇనపముద్ద.

"ఏమయింది నాయనా?" అంది పెద్దమ్మ.

చిన్నాయన మొహం వాడిపోయింది. చెయ్యి చాచి కెమెరా తీసుకున్నాడు, చూశాడు. "అయిదునూర్లు పడతాది" అన్నాడు నెమ్మదిగా.

అయిదునూర్లు! బాటరీ లేకపోతే ఒకే వేగం. నేను వేసింది నాలుగునూర్ల రకం ఫిలిం. నేల మీద చూశాను. పెద్దమ్మ నీడ కత్తితో కోసినట్టు పడి వుంది. 'నాలుగునూర్ల రకమైతే అయిదునూర్లు, కంత పదహారు.' ఆ పులివెందుల లెక్క ఆ కెమెరాది కాదు, ఈ జపాను పెట్టెలో వేసుకుంటే పనిచేయదని ఎవరన్నారు? ఎండ ఒకటే గదా!

మూత తీసి వున్నదో లేదో రెండుసార్లు చూసుకున్నాను. పదహారులో కొన్ని తీశాను. కొంగులు తలమీద కప్పుకుంటే మొహాల మీద నీడ పడింది. అప్పుడు పదకొండుకు మార్చాను.

మొదట నలుగురూ పోలీసు స్టేషనులో నిలబడ్డట్టు నిలబడ్డారు. అంతలో చిన్నమ్మ, "మన ఇల్లు యాడుంటాది ఇప్పుడు?" అంది.

"అదో, ఆ చింతచెట్టు మోడుకు ఈ పక్క" అంది మా అమ్మ.

"చింతచెట్టు మన వీధిది కాదే! రెడ్లబావి కాడిది. మన ఇల్లు ఇట్లా" అంది పెద్దమ్మ.

"నువ్వు పెండ్లయి పోయి అరవై యేండ్లయింది, నీకేం తెలుసు? గుడి ఇట్లుంటే ఇల్లు అట్లుండల్ల."

ఎనభై యేళ్ళ ఆడవాళ్ళు నలుగురు, నీళ్ళ మీద నాలుగు వైపులకు చేతులు చాపి, నవ్వుతూ, కోప్పడుతూ, ఒకరి చెయ్యి ఒకరు కిందికి లాగుతూ. కిటికీలో మా అమ్మ బొమ్మలు రెండు కనిపిస్తున్నాయి. తిప్పాను. ఒకటైనాయి. నొక్కాను.

* * *

మూడు వారాలకు బెంగుళూరునుంచి కవరు వచ్చింది. ముప్పై ఆరింట్లో ఇరవై ఎనిమిది నిలిచాయి. సరిగా నిలబడి కెమెరాను చూస్తున్నవి వున్నాయి; వాటిని బంధువులకు పంచాను. మా అమ్మ మాత్రం చేతులు చాపిన ఫొటోనే అడిగి తీసుకుంది. దాన్ని మా అవ్వ ఫొటో పక్కన పెట్టింది.

ప్రింటు ఒకటీ, జోర్కీ పెట్టె ఒకటీ తీసుకుని పులివెందుల పోయాను. పెద్దాయన ఫొటోను భూతద్దం కింద పెట్టి, "పదహారా, పదకొండా?" అన్నాడు.

"పదకొండు."

"అదీ" అన్నాడు. అంతకుమించి పొగడలేదు. జోర్కీని ఆయనకే ఇచ్చేశాను. కొనాలని ఎంత వుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కాని ఇంట్లో రెండు కెమెరాలుంటే రెండూ బీరువాలో వుంటాయి. ఒకటుంటే చేతిలో వుంటుంది. చిన్నాయన యాషికాకు తెగిన తీగ అతికించాము. ఆకుపచ్చ దీపం వెలుగుతూ వుంది.

కాబట్టి ఏ కెమెరా మంచిదని నన్నడిగేవారికి నా జవాబు ఇది. తీరికగా నేర్చుకోవాలనుకునేవారికీ, కొండలూ గుళ్ళూ తీసేవారికీ జోర్కీ. ఇంటిల్లిపాదినీ, పండగలనూ, పెద్దవాళ్ళనూ తీసేవారికి యాషికా. ఏది కొన్నా, ఎండ లెక్క మాత్రం ముందు నేర్చుకోండి. దీపం ఆరిపోయిన పూట కాపాడేది అదే.

ఫొటో తీయడంతో పని అయిపోదు. ఆ నెగెటివులను కువైటు డబ్బాలో పెట్టాను. ప్రింట్లు నలుగురు అక్కచెల్లెళ్ళ ఇళ్ళలో నాలుగున్నాయి. మా అమ్మాయి చేత కంప్యూటరులోకి ఎక్కించి రెండు చోట్ల దాచిపెట్టించాను. ప్రతి రాసుకోవడం ఈ తెలుగు మాస్టరు ఆలస్యంగానైనా నేర్చుకున్నాడు. మీ ఇంట్లో కూడా అలమారుల పైన ఏదో ఒక రేకు డబ్బా వుండే వుంటుంది. ఈ ఆదివారం దించి చూడండి. అందులో వున్నవాళ్ళ పేర్లు చెప్పగలవాళ్ళు ఇంట్లో వుండగానే చూడండి.